మందారాలు పూశాయా అని అడిగిన ఫోన్: హోనలూలులో ఐదు రోజులు

ఇంటికొచ్చి మూడు రోజులైంది, చెప్పుల్లో ఇసుక ఇంకా పోలేదు, అందుకే మర్చిపోకముందే రాసేస్తున్నా. హవాయి అంటే అందరూ బీచ్ అనుకుంటారు. మేం వెళ్లింది మాత్రం నాన్న పట్టుదల మీద. విశాఖ పోర్టులో పనిచేసి రిటైరయ్యారు కాబట్టి ఓడ కనిపిస్తే ఆయనకి ఇంకేం అక్కర్లేదు. పైగా 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు వైజాగ్ మీదా కాకినాడ మీదా బాంబులు వేసినప్పుడు మా నాన్నమ్మకి పదకొండేళ్లు. ఇంటికి తాళం కూడా వెయ్యకుండా ఎడ్లబండెక్కి విజయనగరం వైపు పారిపోయిన కథ వింటూ పెరిగారాయన. "ఆ బాంబులు మా అమ్మ దాకా రావడం ఎక్కడ మొదలైందో ఆ చోటు చూడాలిరా" అని శాన్ హోసేలో మా ఇంటికొచ్చిన రోజు నుంచీ ఒకటే పాట. మా ఆవిడకి బీచ్, ఆయనకి పెర్ల్ హార్బర్, అదే 1941 డిసెంబరు 7న జపాన్ విమానాలు బాంబులు వేసి అమెరికాని యుద్ధంలోకి లాగిన నౌకాదళ రేవు. నాకేమో చాలా కాలంగా యోషికావా పిచ్చి, ఆ దాడికి ముందు ఇక్కడి ఓడల కబుర్లు టోక్యోకి పంపిన జపాన్ గూఢచారి.

డిసెంబరు 1, దారి తప్పి మిలిటరీ గేటుకి

కారు తీసుకుని హైవే ఎక్కిన పది నిమిషాల్లోనే తప్పు మలుపు తిప్పాను. పెర్ల్ హార్బర్ అని బోర్డు కనిపించగానే తిప్పేశా, అది సందర్శకుల దారి కాదు, బేస్ లోపలికి వెళ్లే దారి. ముందు గేటు, తుపాకీతో కుర్రాడు, వెనక నాలుగు కార్లు, నాకు చెమటలు. ఆ కుర్రాడు మాత్రం రోజుకి వందమందిని చూసినవాడిలా నవ్వి, లైసెన్సు చూసి, కోన్ల మధ్య నుంచి యూటర్న్ చూపించాడు. "గూఢచారి కథ వెతుక్కుంటూ వచ్చి నేరుగా గేటుకే తెచ్చావేంట్రా" అన్నారు నాన్న వెనక సీట్లోంచి.

ఈ ఊళ్లో హారన్ కొట్టరు. సిగ్నల్ పడి నేను ఆలోచిస్తూ నిలబడిపోయినా వెనకవాడు ఓపిగ్గా కూర్చున్నాడు. ఎవరైనా దారిచ్చినప్పుడు బొటనవేలూ చిటికెనవేలూ చాపి చెయ్యి ఊపుతారు, రెండో రోజుకి నాన్న కూడా మొదలెట్టారు. ఇంకోటి, దారి అడిగితే ఉత్తరం దక్షిణం చెప్పరు. 'మౌకా' అంటే కొండ వైపు, 'మకాయ్' అంటే సముద్రం వైపు. వైజాగ్‌లో పెరిగినవాళ్లకి ఇది వెంటనే ఎక్కేస్తుంది.

రాత్రి భోజనం ప్లేట్ లంచ్. పేరుకి లంచ్, రాత్రీ తింటారు. రెండు గుండ్రటి ముద్దల అన్నం, ఒక ముద్ద మాకరోనీ సలాడ్, పక్కన చికెన్, 16 డాలర్లు. అన్నం ముద్ద చూసి నాన్న మొహంలో వెలుగు, సలాడ్ నోట్లో పెట్టుకోగానే ఆ వెలుగు పోయింది. మా ఆవిడ బ్యాగులోంచి ఆవకాయ పొట్లం తీసింది. కౌంటర్ దగ్గర పెద్దావిడ అది చూసి వాసన పీల్చి "ఏంటది?" అని అడిగి, ఒక చుక్క రుచి చూసి, కళ్లనీళ్లు తుడుచుకుంటూ ఇంకో ముద్ద అన్నం ఊరికే వేసింది. ఆవిణ్ని ఇక్కడ అందరూ ఆంటీ అనే పిలుస్తున్నారు. అచ్చం మనలాగే, తెలిసినా తెలియకపోయినా పెద్దవాళ్లు ఆంటీ, అంకుల్. ఇళ్ల ముందు గుమ్మంలో చెప్పుల కుప్పలు కూడా మన ఇళ్ల ముందున్నట్టే.

డిసెంబరు 2, నువాను వీధి

పొద్దున్నే కుఆకినీ వీధిలో లిలిహా బేకరీ. కోకో పఫ్ అని ఒకటుంది, లోపల చాక్లెట్ క్రీం, పైన వెన్నలాంటిది. నేను రెండు తిన్నాను, లెక్క చెప్పడం దేనికి. అక్కణ్నుంచి దగ్గరే నువాను వీధిలో జపాన్ కాన్సులేట్. 1941లోనూ అది అక్కడే. బయటనుంచి చూస్తే ఒక కంచె, చెట్లు, పచ్చగడ్డి, జెండా. ఫొటో తియ్యబోతే మా ఆవిడ చెయ్యి పట్టుకుంది, "ఇక్కడ కూడానా" అని.

1941 మార్చి 27న నిట్టా మారు అనే ఓడ దిగి మోరిమురా తదాషి అనే పేరుతో ఒక కుర్రాడు ఈ కాన్సులేట్‌లో ఉద్యోగంలో చేరాడు. అసలు పేరు యోషికావా తాకియో. నౌకాదళ అకాడెమీలో చదివి, కడుపు జబ్బుతో ఓడ ఉద్యోగం పోగొట్టుకుని, ఇంటెలిజెన్స్‌లో ఇంగ్లిషు పత్రికలూ ఓడల పుస్తకాలూ చదువుతూ కూర్చున్నవాడు. ఇక్కడ అతను ఎవరో కాన్సల్ జనరల్ కితా నగావోకి తెలుసు, మిగతా ఉద్యోగులకి ఆలస్యంగా వచ్చి తాగి పడుకునే బద్ధకస్తుడు మాత్రమే. ఆఫీసులో ఇలాంటివాడు ఒకడుంటే పక్కవాళ్లు ఏం అనుకుంటారో మనకి తెలుసు కదా, అదే అతనికి మంచి వేషం అయింది.

అతను ఏ తాళమూ పగలగొట్టలేదు, ఏ కాగితమూ దొంగిలించలేదు. టాక్సీలో తిరిగాడు, మికామి అని ఒక డ్రైవరు, కాన్సులేట్ గుమస్తా కొతోషిరోదో నడిపే ఫోర్డు కారు. కొండెక్కి చూశాడు, పేపర్లు చదివాడు, టూరిస్టుల విమానంలో గాల్లో ఒక చక్కర్ కొట్టాడు. చూసింది గుర్తు పెట్టుకుని వచ్చి రాసుకునేవాడు. ఆ రాసింది కోడ్‌లో పెట్టి, అందరూ టెలిగ్రాం ఇచ్చే మామూలు కంపెనీలోనే టోక్యోకి పంపేవాళ్లు.

నేను నిలబడ్డ తేదీ డిసెంబరు 2 అని నాకు అక్కడే గుర్తొచ్చింది. అమెరికా నౌకాదళం ఈ కాన్సులేట్ ఫోన్లు చాలా నెలలు రహస్యంగా వింది. విన్న అధికారి పేరు కెప్టెన్ మేఫీల్డ్. సరిగ్గా 1941 డిసెంబరు 2న ఆ వినే ఏర్పాటు తీయించేశాడు. దాడికి ఐదు రోజుల ముందు! ఎఫ్‌బీఐ మాత్రం వంటవాడి ఫోను వింటూ ఉంది, మరుసటి రోజు ఆ వంటవాడే కాన్సల్ గారు ముఖ్యమైన కాగితాలన్నీ కాల్చేస్తున్నారని ఎవరికో చెప్పాడు. ఈ మాట నాన్నకి చెబితే "వంటవాడికి తెలియంది ఏ ఇంట్లో ఉంటుంది" అన్నారు.

మధ్యాహ్నం అలేవా హైట్స్. వీధులు ఎంత నిటారుగా ఉన్నాయంటే మా అద్దె కారు మూలిగింది. ఇక్కడో జపనీస్ టీహౌస్ ఉంది, 1921లో మొదలైంది, అప్పటి పేరు షుంచో-రో, ఇప్పుడు నత్సునోయా. ముందుగా చెప్పుకున్న గుంపులకే విందులు, మనలాగా ముగ్గురు వచ్చి తలుపు కొడితే టీ పొయ్యరు. అయినా పక్క వీధి మలుపులో నిలబడితే చాలు, హోనలూలు రేవు, విమానాశ్రయం, పడమటగా పెర్ల్ హార్బర్ నీళ్లు, అన్నీ కింద పళ్లెంలో పెట్టినట్టున్నాయి. ఇక్కడ మేడ మీద టెలిస్కోపు ఉండేది. యోషికావా గీషాల పాటలు వింటూ, తాగి, అక్కడే పడి నిద్రపోయి, తెల్లారి లేచి ఓడలు బయలుదేరేది చూసేవాడు. నేను ఫోన్ జూమ్ పెట్టి చూశా, ఓడలు ముద్దముద్దగా కనిపించాయి. నాన్న కళ్లు చికిలించి, జూమ్ లేకుండానే, "అది డిస్ట్రాయరు, దాని పక్కన సప్లై షిప్పు" అని చిన్న పాకెట్ పుస్తకం తీసి రాసుకున్నారు. పోర్టు అలవాటు. ఏ ఊరెళ్లినా ఓడల లెక్క రాస్తారు.

డిసెంబరు 3, ఆరిజోనా, ఆ తర్వాత చెరువు గట్టు లాంటి పార్కు

ఈసారి దారి తప్పలేదు. లోపలికి బ్యాగులు తీసుకెళ్లనివ్వరు, చిన్న హ్యాండ్‌బ్యాగు కూడా. డబ్బు కట్టి బయట పెట్టాలి. ఆవకాయ పొట్లం కూడా అక్కడే ఉండిపోయింది. పడవ ఎక్కించి తెల్లటి స్మారకం దగ్గర దింపుతారు. కింద నీళ్లలో, ఆ దాడిలో మునిగిన ఆరిజోనా యుద్ధనౌక అలాగే ఉంది, 1,177 మంది ఆ ఓడ మీద చనిపోయారు, చాలామంది ఇంకా లోపలే. ఎనభై ఏళ్లు దాటినా నూనె చుక్కచుక్కగా పైకొస్తోంది. ఒక చుక్క పైకొచ్చి విచ్చుకుని, రంగులు తిరిగి, గాలికి సాగి, మెల్లిగా పలచబడి పోవడానికి దాదాపు నిమిషం పట్టింది. ఇంతలో ఇంకోటి. అక్కడ ఎవరూ మాట్లాడరు, పిల్లలు కూడా. మా పక్కన జపనీస్ జంట తలలు వంచి నిలబడ్డారు. నాన్న చెప్పులు విప్పేశారు. ఎవరూ విప్పమనలేదు.

బయటికొచ్చాక ఆకలి. ఐయేయా వైపు ఒక కొట్లో స్పాం ముసుబి, నోరి అనే సముద్రపు నాచు ఆకు చుట్టిన అన్నం మీద డబ్బా మాంసం ముక్క, మూడు డాలర్లు. యుద్ధ కాలంలో ఈ డబ్బా మాంసం ఇక్కడ అలవాటైపోయింది. నాన్న మాంసం నాకిచ్చి అన్నం, ఆకు తిన్నారు. తర్వాత బ్లెయిస్‌డెల్ పార్కులో నీళ్ల అంచున కూర్చున్నాం. టికెట్టు లేదు, పార్కింగు ఊరికే. నిజం చెప్పాలంటే స్మారకం కంటే నాకు ఈ పార్కే ఎక్కువ చెప్పింది. ఎదురుగా రేవు మధ్యలో ఉన్న ఫోర్డ్ దీవి. ఈ పక్కనే పెర్ల్ సిటీ రేవు దగ్గర అప్పట్లో ఒక సోడా కొట్టు ఉండేది, యోషికావా వచ్చి సోడా తాగుతూ ఓడలు చూసేవాడు. వెనక కొండ వాలంతా అప్పుడు చెరుకుతోట, కూలీ బట్టలేసుకుని అందులో నిలబడేవాడు. ఇప్పుడు చెరుకు లేదు, ఇళ్లు, మాల్.

టోక్యో అతన్ని అడిగిన ప్రశ్నలు మొదట్లో మామూలువే. సెప్టెంబరు 24న మాత్రం ఒక తంతి వచ్చింది, పెర్ల్ హార్బర్‌ని ఐదు భాగాలుగా విడగొట్టి, ఏ భాగంలో ఏ ఓడ, ఏవేవి పక్కపక్కన కట్టి ఉన్నాయో చెప్పమని. ఓడలు ఊరికే లెక్కపెట్టే గూఢచారిని అలా అడగరు, బాంబు వెయ్యాలనుకునేవాడే అడుగుతాడు. వాషింగ్టన్‌లో అక్టోబరు 9కే ఆ తంతిని విప్పి చదివేశారు. పెర్ల్ హార్బర్‌లో నౌకాదళ అధిపతిగా ఉన్న అడ్మిరల్ కిమ్మెల్‌కి మాత్రం పంపలేదు. నాన్నకి ఇది మింగుడు పడలేదు. "రేవులో బెర్తుల పట్టీ ఎవడో అడిగితే హార్బర్ మాస్టర్‌కి చెప్పరా?" అని అరగంట అదే మాట.

నవంబరు 1న తైయో మారు అనే ఓడలో ఒక నౌకాదళ అధికారి మారువేషంలో వచ్చి, 97 ప్రశ్నలున్న పల్చటి కాగితం కితాకి అందించాడు. అందులో ముఖ్యమైంది, ఎక్కువ ఓడలు ఏ రోజు రేవులో ఉంటాయి? యోషికావా జవాబు, ఆదివారం. డిసెంబరు 6 రాత్రి పంపిన చివరి తంతిలో, శత్రు విమానాలు కిందికి రాకుండా గాల్లో కట్టే అడ్డు బెలూన్లు ఇక్కడ లేవని కూడా ఉంది. మరుసటి పొద్దున బాంబుల చప్పుడు వినపడినప్పుడు అతను టిఫిన్ తింటున్నాడు. దాడి ఎప్పుడన్నది అతనికీ ఎవరూ చెప్పలేదు.

డిసెంబరు 4, లనికాయ్‌లో ఆరేసిన దుప్పటి

మా ఆవిడ రోజు. కొండ సొరంగం దాటి కైలువా, అక్కణ్నుంచి లనికాయ్. నీళ్ల రంగు గురించి నేను రాయను, ఫొటోలు అందరి దగ్గరా ఉన్నాయి. లనికాయ్‌లో కారు పెట్టడానికి చోటు దొరకదు, కైలువా పార్కులో పెట్టి నడిచాం, ఇళ్ల మధ్య సన్నటి సందుల్లోంచి సముద్రానికి దారి. మొదటి సందు అనుకుని ఎవరి పెరట్లోకో వెళ్లాం. బట్టలు ఆరేస్తున్న పెద్దాయన "పక్క సందు, పక్క సందు" అని చెయ్యి చూపించి మళ్లీ ఆరేసుకున్నాడు.

ఆ తీగ మీద దుప్పటి చూసి నేను ఒక్కణ్నే నవ్వుకున్నా, మా ఆవిడకి చెప్పక తప్పలేదు. కైలువా వైపు క్యూన్ అని ఒక జర్మన్ ఉండేవాడు. చూడ్డానికి డబ్బున్న దొర, నిజానికి జపాన్ దగ్గర డబ్బు తీసుకుని అవసరమైనప్పుడు మేల్కొనాల్సినవాడు. అక్టోబరులో యోషికావానే అతనికి 14,000 డాలర్ల నగదు అందించాడు. అంత డబ్బుకి ఇతగాడు ఇచ్చిందేంటయ్యా అంటే ఒక సంకేతాల పట్టిక, ఏ గంటకి మేడ కిటికీలో దీపం వెలిగితే ఏ ఓడలు వెళ్లినట్టు, లనికాయ్‌లో తీగ మీద దుప్పటి ఆరేస్తే ఏమైనట్టు, పడవ తెరచాప మీద నక్షత్రం ఉంటే ఏమైనట్టు, రేడియోలో అమ్మకాల ప్రకటన వస్తే ఏమైనట్టు. ఒక్క దుప్పటీ ఆరెయ్యాల్సిన పని పడలేదు. కాన్సులేట్ కాగితాలతో అంతా బయటపడి మరణశిక్ష వేశారు, తర్వాత యాభై ఏళ్ల కఠిన శిక్షగా తగ్గించి, యుద్ధం అయ్యాక దేశం నుంచి పంపేశారు. "14,000కి దుప్పట్లా, మా అమ్మ ఊరికే ఆరేసేది" అంది మా ఆవిడ.

వెనక్కి వస్తూ కానియోహె దగ్గర ఆగాం. ఇక్కడ అద్దాల అడుగున్న పడవలో యోషికావా ఇద్దరు అమ్మాయిల్ని వెంటబెట్టుకుని చేపలు చూడ్డానికొచ్చినట్టు వచ్చి, అవతల నౌకాదళ విమానాల స్థావరం చూసుకుని వెళ్లాడు. రోడ్డు పక్కన ఒకావిడ పచ్చి మామిడి ముక్కలు సంచిలో అమ్ముతోంది, మీద ఎర్రటి లీ హింగ్ పొడి, ఉప్పూ పులుపూ తీపీ. ఐదు డాలర్లు. నాన్న ఒక ముక్క నమిలి, "ఇదే మన ఉప్పూ కారం అయ్యుంటేనా" అని రెండో సంచి కొన్నారు.

డిసెంబరు 5, మందారాలు

ఊరంతా క్రిస్మస్ పూలు, ఎర్రటి ఆకుల కుండీలు, ప్రతి కంచె మీదా మందారం. వైజాగ్ నుంచి మా అత్త వారం నుంచీ ఒకటే మెసేజీ, పచ్చ మందారం కొమ్మ ఒకటి పట్టుకురమ్మని.

1941లో ఇదే తేదీన హోనలూలులో మోరీ అనే దంపతుల ఇంటికి టోక్యో పత్రిక నుంచి ఫోన్ వచ్చింది. విమానాలు రోజూ ఎగురుతున్నాయా, ఓడలు ఎన్ని, సెర్చ్‌లైట్లు ఉన్నాయా, చివర్లో, ఇప్పుడక్కడ ఏం పూలు పూస్తున్నాయి? మందారాలూ క్రిస్మస్ పూలూ అని జవాబు. విన్న హోనలూలు ఎఫ్‌బీఐ అధికారి షివర్స్‌కి టెన్షన్ పట్టుకుంది, ఆ పూల వెనక ఏదో ఉందని. మరుసటి సాయంత్రం హవాయిలో అమెరికా సైన్యాధిపతి జనరల్ షార్ట్‌కి ఆ కాగితం చూపిస్తే ఆయనకి తలా తోకా అర్థం కాలేదు, విందుకి వెళ్లిపోయాడు. తెల్లారితే ఆదివారం. నా అభిప్రాయం అడిగితే, అవి పూలే. ఎంత తిప్పి చదివినా నాకు పూలే కనిపించాయి. ఆ దంపతులిద్దర్నీ మాత్రం యుద్ధమంతా నిర్బంధంలో పెట్టారు.

ఈ సంగతి తెలుసుకుని మోయిలీఇలీలో ఉన్న జపనీస్ కల్చరల్ సెంటర్‌కి వెళ్లాం. హొనౌలియులి నిర్బంధ శిబిరం గురించి అక్కడ ఉంది. 1943లో తెరిచిన శిబిరం, లోయలో, గాలాడదు, దోమలు. లోపలున్నవాళ్లు దానికి పెట్టిన పేరు జిగోకు దాని, నరకపు లోయ. అప్పట్లో హవాయి జనాభాలో మూడో వంతు పైగా జపాన్ మూలాలవాళ్లు. యుద్ధమంతా వెతికినా వాళ్లలో ఒక్కడి మీదా గూఢచర్యం రుజువు కాలేదు. యోషికావా తర్వాత రాసిందీ అదే, ఇక్కడి జపనీయులు తనకి పనికిరాలేదని, వీళ్లు అమెరికా వైపేనని విసుక్కున్నాడు. దీనికంటే గట్టి సాక్ష్యం ఏ కోర్టుకి దొరుకుతుంది చెప్పండి.

అక్కణ్నుంచి మెకిన్లీ హైస్కూలు ముందు నుంచి వచ్చాం. కారు ఆపమని నేనే అడిగా, చూడ్డానికి ఏమీ లేదు, పిల్లలు సైకిళ్ల మీద వెళ్తున్నారు. రిచర్డ్ సకకిదా ఇక్కడ చదివాడు. 1941లోనే అమెరికా సైన్యం అతన్నీ, ఆర్థర్ కొమోరి అనే ఇంకో హవాయి కుర్రాణ్నీ రహస్యంగా మనీలా పంపింది, అక్కడి జపాన్ వ్యాపారుల మధ్య కలిసిపోయి చెవులు తెరిచి ఉంచమని. యుద్ధం మొదలవగానే ఫిలిప్పీన్స్ పోలీసులు సకకిదాని జపాన్‌వాడని జైల్లో పడేశారు, అమెరికన్లొచ్చి విడిపించుకున్నారు. ఆఖర్లో తప్పించుకునే విమానంలో తన సీటు ఇంకొకరికి ఇచ్చి మనీలా దగ్గరి కొరెజిడోర్ దీవిలో ఉండిపోయి జపాన్ సైన్యానికి చిక్కాడు. సిగరెట్లతో కాల్చారు, వేలాడదీశారు, గూఢచారినని ఒప్పుకోలేదు. తర్వాత వాళ్ల సైనిక న్యాయ విభాగంలోనే పనిలో పెట్టుకుంటే, అక్కణ్నుంచి గెరిల్లాలకి కబుర్లు చేరవేశాడు. ఆఖరికి తప్పించుకుని అడవిలో దాక్కున్నాడు, అందులోంచి బయటికొచ్చేసరికి 1945 సెప్టెంబరు, యుద్ధం అయిపోయింది.

నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ ఇంకొకడు, సోడా తాగినవాడు, ఏమయ్యాడు?" అని అడిగారు. ఖైదీల మార్పిడిలో జపాన్ చేరాడు, యుద్ధం ఓడాక సన్యాసి వేషంలో దాక్కున్నాడు, మిఠాయి వ్యాపారం పెట్టి నష్టపోయాడు, పెట్రోలు బంకు కూడా నడపలేకపోయాడు, భార్య ఇన్సూరెన్సు పాలసీలు అమ్మి ఇల్లు నడిపింది అని చెప్పా. 1993లో పోయాడు. "ఆవిడే గట్టిది" అన్నారు నాన్న.

రాత్రి విమానాశ్రయంలో మొక్కలూ పళ్లూ తనిఖీ చేసేచోట సామాను యంత్రంలో పెట్టాం. విత్తనాలు, మొక్కలు ఏమైనా ఉన్నాయా అని అడిగారు. నాన్న జేబులోంచి మిగిలిన మామిడి ముక్కల సంచి తీసి చూపించారు, అక్కడే నిలబడి ముగ్గురం తినేశాం. తర్వాత పాకెట్ పుస్తకం తీసి, అలేవా హైట్స్ నుంచి రాసుకున్న ఓడల లెక్క మా ఆవిడకి చదివి వినిపించడం మొదలుపెట్టారు, ఆవిడ "మావయ్య గారూ, ఇక్కడొద్దు" అని పుస్తకం లాగేసుకుంది. అత్తకి మందారం కొమ్మ తేలేదన్న సంగతి ఎవరం ఇంకా చెప్పలేదు.